గచ్చు మీద మచ్చలు: పాదాల బాధలు, వాటి వైద్యం

[దృశ్యం: సింహాచలం, తొలి పావంచా (కొండ కింద మొదటి మెట్టు). కొబ్బరికాయలు కొడుతున్న జనం. కెమెరా కిందికి దిగి వట్టి కాళ్ల మీద ఆగుతుంది.]

నమస్కారం. ఆషాఢ పౌర్ణమి దగ్గర పడిందంటే విశాఖలో ఇంటికొకరైనా అప్పన్న కొండ చుట్టూ నడవడానికి సిద్ధమవుతారు. హనుమంతవాక, అప్పుఘర్, ఎన్‌ఏడీ, గోపాలపట్నం మీదుగా 32 కిలోమీటర్లు. చాలామంది చెప్పుల్లేకుండానే. మర్నాడు మందుల షాపులో అడిగేది ఒకటే మాట: "కాళ్ల నొప్పులకు ఏదైనా ఇవ్వండి." అలా అడిగితే ఎవరూ సరైన మందు ఇవ్వలేరు. ఎక్కడ నొస్తోంది, ఏ వేళ నొస్తోంది అన్నది తెలియాలి.

మడమ సంగతి చూద్దాం. పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేయగానే మేకు దిగినట్టు ఉంటుంది. నాలుగడుగులు వేస్తే సర్దుకుంటుంది. కాసేపు కూర్చుని లేస్తే మళ్లీ మొదలు. దీన్ని ప్లాంటార్ ఫేసియైటిస్ అంటారు. మడమ నుంచి వేళ్ల దాకా అరికాలి కింద ఉండే గట్టి పట్టీ మడమ దగ్గర దెబ్బతింటుంది. గంటల తరబడి నిలబడే పని, ఒంటి బరువు, అరిగిపోయిన చెప్పులు దీనికి కారణాలు. ఎక్స్‌రేలో "ఎముక పెరిగింది" అని రాగానే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. కంగారు పడకండి, ఏ నొప్పీ లేనివాళ్లకూ మడమ ఎముక అలా ముల్లులా పెరిగి ఉండొచ్చు.

[దృశ్యం: మంచం మీద కాళ్లు చాపి, తువ్వాలుతో పాదం ముందు భాగాన్ని తనవైపు లాక్కుంటున్న స్త్రీ.]

మంచం దిగకముందే ఇలా లాగి పట్టుకోండి. పిక్క బిగుసుకున్నట్టు తెలియాలి. పది సెకన్లు ఉంచి వదలండి, పదిసార్లు చేయండి. రోజుకు రెండు మూడుసార్లు. ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన నీళ్ల సీసాను అరికాలి కింద దొర్లించండి. ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు వేసుకోండి. వారంలో తగ్గలేదని మానేయకండి, దీనికి నెలలు పడుతుంది. చాలామందికి ఆపరేషన్ లేకుండానే ఏడాదిలోపు తగ్గిపోతుంది.

పగుళ్లకు యూరియా ఉన్న క్రీము, స్నానం కాగానే. ఆనెకాయలకు ముందు ఇరుకు చెప్పులు మార్చాలి. బ్లేడుతో మాత్రం కోయకండి.

ఇక వేళ్ల సందులు ఒరిసిపోవడం. హార్బర్‌లో తడిలో నిలబడి చేపలు ఏరే ఆడవాళ్లకూ, షిఫ్టంతా సేఫ్టీ షూస్‌లో ఉండే స్టీల్ ప్లాంట్ కార్మికులకూ ఇదే బాధ. తెల్లగా నాని, దురద పెట్టి, చర్మం ఊడొస్తుంది. చాలాసార్లు ఇది ఫంగస్. క్లోట్రిమజోల్ లాంటి క్రీము రాయాలి. దురద తగ్గింది కదా అని వెంటనే ఆపేస్తే తిరగబెడుతుంది. ఇంకో ముఖ్యమైన మాట: షాపులో చేతికిచ్చే కొన్ని ట్యూబుల్లో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రెండు రోజుల్లో దురద పోతుంది, లోపల ఫంగస్ పాకిపోతుంది. ట్యూబు మీద బీటామెథసోన్, క్లోబెటసాల్ అన్న పేర్లు కనిపిస్తే డాక్టరు చెప్పకుండా రాయకండి.

[దృశ్యం: ఇంటి గచ్చు. నేల మీద వరసగా తడి మచ్చలు.]

ఇంతవరకు చెప్పినవన్నీ నొప్పో దురదో పెట్టి మనల్ని హెచ్చరించేవి. నాకు అసలు భయం నొప్పి తెలియని పాదం గురించే. మా పెద్దమ్మకు చాలా ఏళ్లుగా షుగర్ ఉంది. ఒక ఏడాది ప్రదక్షిణ చేసొచ్చి, "కాళ్లు హాయిగా ఉన్నాయమ్మా" అంది. మూడో రోజు ఇంటర్ చదివే మనవడు గచ్చు చూపించాడు. వంటింటి నుంచి దేవుడి గది దాకా రూపాయి బిళ్లంత మచ్చలు, పసుపురంగులో. కాలెత్తి చూస్తే బొటనవేలి కింద బొబ్బ చితికి ఉంది, లోపల గాజుపెంకు. ఆవిడకు తెలియనే లేదు. దగ్గర్లో ఒకచోట చూపిస్తే షుగర్ ఉందా అని కూడా అడగకుండా కట్టు కట్టి పంపేశారు.

షుగర్ ఏళ్ల తరబడి అదుపులో లేకపోతే పాదాల నరాలు దెబ్బతింటాయి, రక్తం సరిగా అందదు. గాయం తెలియదు, తెలిసినా మానదు. తర్వాత చూసిన డాక్టరు చచ్చిన చర్మం తీసేసి, చీము పట్టినందుకు యాంటీబయాటిక్స్ ఇచ్చి, ఆ పుండు మీద బరువు పడకుండా వారాలపాటు కాలికి ప్రత్యేకమైన బూటు వేశారు. కట్టు కన్నా ఆ బూటే ముఖ్యం. అదే చోట తొక్కుతూ పోతే ఏ మందూ పని చేయదు.

షుగర్ ఉంటే ఏడాదికోసారి పాదాలకు స్పర్శ పరీక్ష చేయించుకోండి. 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగును ఆనించి తెలుస్తోందా అని అడుగుతారు, అంతే. ఎం.సి.ఆర్. (మైక్రో సెల్యులార్ రబ్బరు అనే మెత్తటి రబ్బరు) చెప్పులు వాడండి, వేసుకునే ముందు దులపండి. వేడినీళ్లలో కాళ్లు పెట్టకండి, ఆనెకాయ పట్టీలు అంటించకండి. పాదం ఎర్రబడినా, వాచినా, నల్లబడినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

[దృశ్యం: గుమ్మంలో కుర్చీ, పక్కన చిన్న అద్దం.]

రోజూ పడుకునే ముందు అద్దం నేల మీద పెట్టి అరికాలు చూసుకోండి, వేళ్ల సందులతో సహా. నిరుడు పెద్దమ్మ తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి దండం పెట్టుకుని, నడక మనవడికి అప్పజెప్పింది. వాడు తిరిగి రాగానే గుమ్మంలోనే కూర్చోబెట్టి, లైటు వేయించి, తన అద్దంతో వాడి అరికాళ్లు రెండూ చూశాకే లోపలికి రానిచ్చింది.