దిగుమతుల దెబ్బ తగిలిన పరిశ్రమకు ప్రభుత్వం ఏం చేయగలదు?

[స్క్రీన్‌పై: తాళం వేసిన ఫ్యాక్టరీ గేటు]

నమస్కారం. బయటి దేశం నుంచి చవకగా సరుకు దిగితే కొనేవాళ్లకు మంచిదే. కానీ అదే సరుకు ఇక్కడ తయారుచేసే ఫ్యాక్టరీకి ముందు ఆర్డర్లు తగ్గుతాయి, తర్వాత షిఫ్టులు తగ్గుతాయి, చివరికి గేటుకు తాళం పడుతుంది. లాభం కోట్ల మందికి తలా కొంచెం అందుతుంది. నష్టం మాత్రం కొన్ని ఊళ్ల మీద, కొన్ని కుటుంబాల మీద ఒక్కసారిగా పడుతుంది. అందుకే ప్రభుత్వం ఆదుకోవాలని అడగడం న్యాయమే. మరి ఎలా ఆదుకోవాలి?

అందరికీ ముందు గుర్తొచ్చేది సుంకం. ప్రపంచ వాణిజ్య సంస్థ నిబంధనల్లో దీనికి 'సేఫ్‌గార్డ్' అనే ఏర్పాటు ఉంది. అవతలి దేశం మోసం చేసిందని నిరూపించక్కర్లేదు. దిగుమతులు ఒక్కసారిగా పెరిగి, దేశీయ పరిశ్రమకు తీవ్ర నష్టం జరిగిందని విచారణలో తేలితే చాలు. మొదట 4 ఏళ్ల వరకు, పొడిగిస్తే మొత్తం 8 ఏళ్ల వరకు పెట్టొచ్చు. వర్ధమాన దేశాలకైతే 10 ఏళ్లు.

[స్క్రీన్‌పై: పెద్ద మోటార్‌సైకిల్, పక్కన '1983']

అమెరికాలో హార్లీ డేవిడ్‌సన్ సంగతి చూడండి. జపాన్ బైకుల పోటీకి కంపెనీ కుదేలైంది. 1983లో రీగన్ ప్రభుత్వం 700 సీసీ దాటిన దిగుమతి బైకులపై సుంకాన్ని 4.4 శాతం నుంచి 49.4 శాతానికి పెంచింది. 5 ఏళ్లు, ఏటా తగ్గుతూ పోయేలా. జపాన్ కంపెనీలు ఊరుకుంటాయా? ఇంజిన్‌ను 700 సీసీ లోపుకి కుదించి మోడళ్లు దింపాయి! అయినా హార్లీ ఆ గడువులో తయారీ పద్ధతులు మార్చింది, నాణ్యత పెంచింది. గడువుకు ఏడాది ముందే, 1987లో, ఇక మాకు ఈ సుంకం అక్కర్లేదని తనే అడిగింది.

ఈ కథ వినడానికి బాగుంటుంది కానీ ప్రతిసారీ ఇలాగే జరగదు. 2002లో బుష్ ప్రభుత్వం ఉక్కుపై 30 శాతం వరకు సుంకాలు వేస్తే, ఉక్కు కొనుక్కుని వస్తువులు చేసే కంపెనీలు లబోదిబోమన్నాయి. ప్రపంచ వాణిజ్య సంస్థలో కేసు ఓడిపోయాక 2003 డిసెంబర్‌లో వాటిని ఎత్తేశారు.

రెండో దారి, సరుకును ఆపకుండా దెబ్బతిన్నవాళ్లకే నేరుగా సాయం చేయడం. నా మొగ్గు దీనివైపే. అమెరికాలో కెనడీ హయాంలో, 1962లో, 'ట్రేడ్ అడ్జస్ట్‌మెంట్ అసిస్టెన్స్' మొదలైంది. ఉద్దేశం గొప్పదే, షరతులు మాత్రం ఎంత కఠినమంటే 1969 వరకు ఒక్క కార్మికుడికీ సాయం అందలేదు. 1974 చట్టంతో ఆ షరతులు సడలించారు. కార్మికులకు కొత్త పనిలో శిక్షణ, ఆ కాలంలో భృతి ఇచ్చేవారు. కంపెనీలకైతే చేతికి డబ్బివ్వకుండా, కోలుకునే ప్లాన్ వేసి అమలుచేసే నిపుణుల ఖర్చులో వాటా భరించేవారు.

ఇందులో నాకు బాగా నచ్చింది వేతన బీమా. 50 ఏళ్లు దాటిన మనిషిని మళ్లీ క్లాసులో కూర్చోమంటే ఎంత టెన్షన్! పైగా దొరికే కొత్త ఉద్యోగంలో జీతం తక్కువ.

[స్క్రీన్‌పై: పాత జీతం 48,000 డాలర్లు, కొత్త జీతం 36,000 డాలర్లు]

ఏడాదికి తేడా 12,000. అందులో సగం, అంటే 6,000 డాలర్లు, ప్రభుత్వం ఇచ్చేది. రెండేళ్లకు 12,000 అవ్వాలి కదా? కానీ గరిష్ఠ పరిమితి 10,000 డాలర్లే ఉండేది. కొత్త జీతం ఏడాదికి 50,000 దాటితే అసలు వచ్చేది కాదు. మొత్తం చిన్నదే అయినా, దొరికిన పనిలో వెంటనే చేరడానికి ధైర్యమిచ్చేది. బాధాకరమైన విషయం ఏంటంటే, ఈ కార్మికుల పథకాన్ని అమెరికా కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు, పొడిగించకపోవడంతో 2022 జులై 1 నుంచి కొత్త దరఖాస్తులు ఆమోదించడం ఆగిపోయింది.

ఐరోపా సమాఖ్యకూ ఇలాంటి నిధి 2007 నుంచి ఉంది. అది కంపెనీలకు ఇవ్వదు, ఉద్యోగం పోయినవాళ్లకే. ఇంతకుముందు కనీసం 500 మంది రోడ్డున పడితేనే సాధారణంగా సాయం వచ్చేది. 2021 నుంచి దాన్ని 200కు తగ్గించారు. ఆ లెక్కలోకి పెద్ద ఫ్యాక్టరీ కార్మికులే కాదు, దానికి విడిభాగాలు సరఫరా చేసే చిన్న యూనిట్లవాళ్లు కూడా వస్తారు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఎవరూ పట్టించుకోకుండా వదిలేసేది ఎక్కువగా వాళ్లనే.