రంగస్థలం నుంచి రికార్డింగ్ గదికి: నటుడు పుస్తకానికి గొంతు ఇచ్చే దారి

[తెరపై: తిరుగుతున్న నల్లని గ్రామఫోన్ రికార్డు. దాని పక్కన మందమైన ఒక నవల.]

లాంగ్ ప్లే సంగీత రికార్డును కొలంబియా సంస్థ 1948లో అమెరికాలో విడుదల చేసింది. అంతకు 14 ఏళ్ల ముందే, అంటే 1934 నుంచే, నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే రికార్డులు ఆ దేశంలో చూపులేని పాఠకులకు చేరుతుండేవి. వాటిలో ఉన్నవి పాటలు కావు, పుస్తకాలు. 1931లో అమెరికన్ కాంగ్రెస్ చేసిన చట్టంతో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ అంధులకు పుస్తకాలు అందించే పథకాన్ని చేపట్టగా, ఈ మాట్లాడే పుస్తకాలను రూపొందించే పనిని అమెరికన్ ఫౌండేషన్ ఫర్ ది బ్లైండ్ ముందుకు తీసుకువెళ్లింది. రికార్డుకు ఒక్కో వైపు సుమారు పదిహేను నిమిషాల పఠనమే పట్టేది కనుక ఒక్క నవలకు పెద్ద రికార్డుల కట్టే కావలసివచ్చేది. అంత సేపు అలసట తెలియనివ్వకుండా చదవగలిగిన గొంతులు న్యూయార్క్ నాటకశాలల్లో దొరికాయి.

[తెరపై: 1930ల నాటి బ్రాడ్‌వే వీధి ఛాయాచిత్రం.]

ఆ గొంతుల్లో ముఖ్యమైనది అలెగ్జాండర్ స్కోర్బీది. 1913లో బ్రూక్లిన్‌లో, గ్రీకు వలస కుటుంబంలో పుట్టిన ఆయన న్యూయార్క్‌లోని సివిక్ రెపర్టరీ థియేటర్‌లో శిక్షణ పొందారు. 1936లో లెస్లీ హొవార్డ్ నాయకుడిగా ప్రదర్శించిన హామ్లెట్ నాటకంలో, రాజు వేషం కట్టే నటుడి పాత్ర ధరించారు. ఆ మరుసటి ఏడాది నుంచి అంధుల కోసం పుస్తకాలు చదవడం మొదలుపెట్టి, నాటకాలూ సినిమాలూ టెలివిజన్ పనులూ ఎన్ని వచ్చినా ఆ పనిని విడిచిపెట్టలేదు. 1985లో మరణించేనాటికి ఆయన చదివిన పుస్తకాలు 400 దాటాయి. సంపూర్ణ బైబిల్‌ను, అంటే కింగ్ జేమ్స్ అనువాదాన్ని, ఆదినుంచి చివరిదాకా చదివిన గొంతుగా ఆయనను ఈనాటికీ గుర్తుచేసుకుంటారు.

స్కోర్బీ మొదలుపెట్టిన రోజుల్లో గొంతు నేరుగా డిస్కు మీదే చెక్కబడేది. ముక్కలు కోసి అతికించే సౌకర్యం ఇంకా రాలేదు. పదమూడో నిమిషంలో నాలుక తడబడితే ఆ వైపు మొత్తాన్ని మళ్లీ మొదటినుంచి చదవవలసిందే. ప్రేక్షకుల ముందు పొరపాటు పడినా ఆగకుండా నాటకాన్ని నడిపించుకుపోవడం నేర్చిన నటుడికి ఇది పూర్తిగా కొత్త క్రమశిక్షణ. నాటకంలో పొరపాటు ఆ రాత్రితో పోతుంది. రికార్డులో పడిన పొరపాటు విన్న ప్రతిసారీ వినిపిస్తూనే ఉంటుంది.

[తెరపై: ఒకవైపు వెలుగులతో నిండిన రంగస్థలం, మరొకవైపు చిన్న గదిలో మైక్రోఫోన్, కుర్చీ, పుస్తకం.]

రంగస్థల నటుడికి గొంతు ఉంది, ఉచ్చారణ ఉంది, భావం పలికించడం తెలుసు. ఇంకేమి కావాలి అని చాలామంది అనుకుంటారు. నటులలో కూడా ఎందరో అలాగే అనుకుని రికార్డింగ్ గదిలోకి అడుగుపెడతారు. వేదిక మీద నేర్చినదానిలో చాలా భాగం ఇక్కడ పనికివస్తుంది కాని, నవలలో అతి ముఖ్యమైన పాత్ర ఒకటి నాటకప్రతిలో ఉండదు. అది కథ చెప్పే గొంతు. సంభాషణకూ సంభాషణకూ మధ్య ఉన్న వాక్యాలు, వాన పడిందని చెప్పే వాక్యాలు, ఆమె ఎందుకు మౌనంగా ఉండిపోయిందో వివరించే వాక్యాలు నవలలో ఎక్కువ భాగాన్ని ఆక్రమిస్తాయి. నాటకంలో ఆ పనిని దీపాలు, తెరలు, నటుల కదలికలు చేస్తాయి కనుక వాటిని పలకవలసిన అవసరం నటుడికి ఎన్నడూ రాదు. సంభాషణలను అద్భుతంగా పలికి, మధ్య వాక్యాలను తొందరగా దాటవేసే నటుడు పుస్తకాన్ని చదవనట్టే లెక్క అని నేను గట్టిగా నమ్ముతాను.

దీనికి తోడు, వేదిక మీద నటుడి ఎదుట వందలాదిమంది ఉంటారు. చివరి వరుసలోని మనిషికి కూడా మాట అందాలన్న నియమం అతడి శ్వాసలోనే ఇంకిపోయి ఉంటుంది. శ్రవణ పుస్తకం వినేవారు ఒక్కరే. ఆ ఒక్కరూ వంటింట్లోనో, బస్సులోనో, నిద్రకు ముందు మంచం మీదనో, చెవికి ఆనించుకుని వింటారు. మైక్రోఫోన్ నోటికి జానెడు దూరంలో ఉన్నప్పుడు వేదిక మీది గొంతు అరుపుగా మారుతుంది. అలాగని గొంతు తగ్గిస్తే సరిపోదు. ధ్వనిని తగ్గిస్తూనే భావపు తీవ్రతను తగ్గించకుండా నిలబెట్టడమే కష్టం, ఎందుకంటే నాటకానుభవంలో ఆ రెండూ కలిసే పెరుగుతాయి, కలిసే తగ్గుతాయి. చేతులు, కనుబొమలు, నడక అన్నీ పనిలేకుండా పోతాయని కూడా అనుకోకూడదు. అనుభవజ్ఞులైన చదువరులు చాలామంది మైకు ముందు చేతులు కదుపుతూనే ఉంటారు, ముఖం మీదికి నవ్వు వస్తే ఆ నవ్వు గొంతులో తెలుస్తుంది. ఆ కదలికలో బట్టలు గరగరలాడకూడదు, గాజులు మోగకూడదు, కుర్చీ కిర్రుమనకూడదు, అంతే.

[తెరపై: పాత క్యాసెట్ పెట్టె, పొడవైన రహదారి మీద కారు.]

అంధుల కోసం పుట్టిన ఈ విద్య అందరి దగ్గరకూ చేరడంలో క్యాసెట్ పాత్ర పెద్దది. ఊళ్లు తిరిగే సేల్స్‌మన్‌గా గంటల తరబడి కారు నడిపిన హెన్రీ ట్రెంట్‌మన్ 1970ల చివర మేరీలాండ్ రాష్ట్రంలో రికార్డెడ్ బుక్స్ అనే సంస్థను స్థాపించి, సంక్షిప్తం చేయని పూర్తి పుస్తకాలను క్యాసెట్ల రూపంలో అద్దెకు ఇచ్చారు. ఆ సంస్థ తొలి గొంతు ఫ్రాంక్ ముల్లర్. ఆయన కూడా న్యూయార్క్ రంగస్థల నటుడే. సంక్షిప్తం చేయకపోవడం నటుడి దృష్టిలో పెద్ద విషయం. రెండు గంటల నాటకానికి వారాల తరబడి రిహార్సల్స్ ఉంటాయి, దర్శకుడు ఉంటాడు, ఎదుటి పాత్రధారి ఉంటాడు. పది పన్నెండు గంటల పుస్తకాన్ని మాత్రం నటుడు ఒంటరిగా, రిహార్సల్ అనేది లేకుండా, కొద్ది రోజుల్లో చదివి ముగించాలి. రిహార్సల్ స్థానంలో మిగిలేది ముందస్తు పఠనమే.

ఆ ముందస్తు పఠనం గురించి కొంత వివరంగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే కొత్తవారు దాటవేసేది దీనినే. పుస్తకం మొత్తాన్ని ఒకసారి చివరిదాకా చదవకుండా మైకు ముందు కూర్చుంటే, మొదటి అధ్యాయం నుంచి గంభీరమైన గొంతుతో పలికించిన మనిషిది పీలగొంతు అని రచయిత ఇరవయ్యో అధ్యాయంలో చెప్పినప్పుడు, వెనక్కి వెళ్లి అన్నీ మళ్లీ చదవడం తప్ప దారి ఉండదు. చదువుతూ పాత్రల జాబితా వ్రాసుకోవాలి: వయసు, ఊరు, ఎవరితో ఎలా మాట్లాడతారు, గొంతు గురించి రచయిత ఎక్కడైనా ఏమైనా చెప్పారా. తెలియని పేర్ల, ఊళ్ల ఉచ్చారణను ముందే కనుక్కోవాలి.

పాత్రల గొంతులు అనగానే జిమ్ డేల్ గుర్తుకు వస్తారు. ఇంగ్లండ్‌లో పుట్టి, బ్రాడ్‌వేలో బార్నమ్ అనే సంగీత నాటకానికి 1980లో టోనీ పురస్కారం అందుకున్న ఈ నటుడు, 1999 నుంచి హ్యారీ పాటర్ నవలల అమెరికన్ శ్రవణ రూపాలను చదివారు. వాటిలో రెండింటికి గ్రామీ పురస్కారాలు వచ్చాయి. అయిదో నవలలో ఆయన పలికించిన గొంతులు 134 అని గిన్నిస్ రికార్డు నమోదు చేసింది. ఆ సంఖ్య ఆశ్చర్యపరిచేదే. అయితే కొత్తగా వచ్చే నటులు ఆ సంఖ్యను చూసి గొంతులు మార్చడమే ఈ విద్య అని అనుకుంటే దారి తప్పుతారు. డేల్ నైపుణ్యంలో నాకు ఎక్కువ విలువైనదిగా కనిపించేది, అన్ని గొంతుల మధ్య చెక్కుచెదరకుండా నిలిచిన కథకుడి గొంతు. ఆ గొంతు స్థిరంగా ఉన్నందువల్లనే మిగిలినవి వేరుగా వినిపిస్తాయి. స్త్రీ పాత్రకు పురుషుడు గొంతు సన్నం చేయనక్కరలేదు, వృద్ధుడి కోసం వణకనక్కరలేదు. మాట వేగంలో, విరుపులో చిన్న మార్పు చేస్తే వినేవారి ఊహ మిగిలిన పని చేసుకుంటుంది.

[తెరపై: హరికథ చెబుతున్న భాగవతార్, చేతిలో చిడతలు.]

తెలుగు నటులకు ఈ విషయంలో మన సంప్రదాయం నుంచే ఒక బలం ఉంది. ఆదిభట్ల నారాయణదాసు తీర్చిదిద్దిన హరికథలో ఒకే మనిషి కథకుడు, ఒకే మనిషి అన్ని పాత్రలు. వచనంలో కథ నడిపి, మరుక్షణం పాత్రలోకి ప్రవేశించి, మళ్లీ కథకుడిగా బయటికి రావడం అందులో అనుక్షణం జరుగుతుంది. శ్రవణ పుస్తకానికి పద్యనాటకం కంటే హరికథే దగ్గరి పూర్వరూపమని నా అభిప్రాయం. రంగస్థలం నుంచి మైకు దగ్గరకు వచ్చిన దారి కూడా మనకు కొత్త కాదు. బిల్హణుడిగా, శ్రీకృష్ణుడిగా వేదిక మీద పేరుపొందిన బందా కనకలింగేశ్వరరావు ఆకాశవాణి విజయవాడ కేంద్రంలో నాటక విభాగంలో పనిచేశారు. అదే కేంద్రం నుంచి ఉషశ్రీ ఒక్క గొంతుతో రామాయణ భారతాలు వినిపిస్తుంటే ఊళ్లకు ఊళ్లు రేడియోల చుట్టూ కూర్చున్నాయి.

అయినా తెలుగు వాక్యం నటుడికి ప్రత్యేకమైన పరీక్ష పెడుతుంది. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. అంతవరకు అర్థం పూర్తికాదు. మూడు నాలుగు అసమాపక క్రియలతో సాగే పొడవైన వాక్యంలో, మధ్యలో ఎక్కడ ఊపిరి తీసుకున్నా, గొంతు దిగిపోతే వాక్యం అక్కడే ముగిసినట్టు చెవికి అనిపిస్తుంది. కన్ను వెనక్కి వెళ్లి మళ్లీ చదువుకోగలదు, చెవికి ఆ వీలు లేదు. కనుక వాక్యం చివరిదాకా స్వరాన్ని ఎత్తి ఉంచే శ్వాస కావాలి, ఆ శ్వాసను పద్యం పాడిన నటుడు ఇప్పటికే సంపాదించుకుని ఉంటాడు. అతడు మానుకోవలసినది పద్యాంతంలోని రాగాలాపన అలవాటును. వచనం చదివేటప్పుడు ప్రతి వాక్యం చివరా ఒకే తీరులో సాగదీస్తే రెండో అధ్యాయానికే వినేవారికి విసుగు వస్తుంది.

మరొకటి, మన కథలలో ఎవరు మాట్లాడారన్నది తరచు మాట ముగిసిన తరువాతే తెలుస్తుంది. "నేను రాను" అని ముందు ఉండి, "అంది సీత గడపమీద కూర్చుంటూ" అని తరువాత ఉంటుంది. వాక్యాన్ని ముందుగా చూసుకోని నటుడు ఆ మాటను ఎవరి గొంతుతో పలకాలో తెలియక తడబడతాడు. నోరు ఒక పంక్తిలో ఉండగా కన్ను రెండో పంక్తిలో ఉండడం అభ్యాసంతోనే వస్తుంది. మహాప్రాణాలు, శ ష స తేడాలు, ల ళ తేడాలు వేదిక మీద వాద్యాల మధ్య కొంత దాగుతాయేమో కాని హెడ్‌ఫోన్స్‌లో దాగవు. మాండలికం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. తెలంగాణ పల్లెలోనో ఉత్తరాంధ్రలోనో నడిచే కథను, ఆ యాసను హాస్యపాత్రలకు మాత్రమే వాడిన నాటకపు అలవాటుతో చదివితే ఆ మనుషులను అవమానించినట్టే అవుతుంది. ఆ యాస ఇంటిభాషగా ఉన్నవారి చేత చదివించడం, లేదా వారి దగ్గర కూర్చుని నేర్చుకోవడం న్యాయం.

[తెరపై: ఇంట్లో అలమర పక్కన ఏర్పాటుచేసుకున్న చిన్న రికార్డింగ్ చోటు.]

ఈ పని ఇప్పుడు ఎక్కువగా ఇళ్లలోనే జరుగుతోంది. 1995లో మొదలైన, శ్రవణ పుస్తకాలు అమ్మే ఆడిబుల్ సంస్థను 2008లో అమెజాన్ కొన్న తరువాత, 2011లో వచ్చిన ఏసీఎక్స్ వేదిక ద్వారా రచయితలూ చదివే నటులూ నేరుగా ఒప్పందం చేసుకునే వీలు కలిగింది. అక్కడ పారితోషికాన్ని గదిలో గడిపిన గంటలకు కాకుండా, పూర్తయిన పుస్తకం నిడివిలోని గంటలకు లెక్కగడతారు. లేదా అమ్మకాలలో వాటా పంచుకుంటారు. ఒక గంట నిడివి సిద్ధం కావడానికి చదవడం, సవరించడం, తిరిగి వినడం అన్నీ కలిపి దానికి ఎన్నో రెట్ల సమయం పడుతుంది కనుక, ఒప్పుకునేముందు ఆ లెక్క వేసుకోవడం అవసరం. అదే వేదిక గది నిశ్శబ్దానికి కూడా కొలత పెట్టింది: ఎవరూ మాట్లాడనప్పుడు రికార్డింగ్‌లో మిగిలే శబ్దం, రికార్డింగ్ పట్టగల గరిష్ఠ స్థాయిని సున్నాగా లెక్కిస్తే, మైనస్ 60 డెసిబెళ్లకు మించకూడదు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో మే నెలలో ఫ్యానూ ఏసీ ఆపి, కిటికీలు మూసి, చుట్టూ దుప్పట్లు కట్టుకుని గంటసేపు చదవడం శారీరక శ్రమే. దాసుభాషితం, స్టోరీటెల్ వంటి యాప్‌ల వల్ల తెలుగు పుస్తకాలకు కూడా చదివే గొంతుల అవసరం ఏర్పడింది కనుక ఆ శ్రమకు ఇప్పుడు చోటు ఉంది.

స్కోర్బీకి లేని ఒక సౌకర్యం నేటి నటుడికి ఉంది. తడబడినప్పుడు కొన్ని సెకన్లు వెనక్కి జరిపి, తన గొంతునే చెవిలో వింటూ, తప్పు దొర్లిన మాటకు ముందు సరిగ్గా అందుకుని అదే స్వరంతో కొనసాగిస్తాడు. దీనినే పంచ్ అండ్ రోల్ అంటారు. చదవడం పూర్తయ్యాక మరొకరు పుస్తకాన్ని ఎదుట పెట్టుకుని మొత్తం వింటారు. వదిలిన మాటలు, తప్పు పలికిన పేర్లు, నోటి చప్పుళ్లు, దూరంగా వినిపించిన కుక్కర్ విజిల్ ఏ నిమిషంలో ఉన్నాయో వ్రాసి పంపుతారు. ఆ జాబితా నటుడి చేతికి వచ్చేసరికి కొన్ని వారాలు గడిచి ఉండవచ్చు, ఈలోగా అతడు మరో నాటకంలో పూర్తిగా వేరే గొంతుతో మాట్లాడుతూ ఉండవచ్చు. అందుకే జాగ్రత్తగల నటులు ప్రతి పాత్ర గొంతునూ చిన్న నమూనాగా విడిగా దాచుకుంటారు, మైకు ఎంత దూరంలో ఏ ఎత్తులో ఉన్నదో గుర్తుపెట్టుకుంటారు, సవరణకు కూర్చునేముందు పాత రికార్డింగ్‌ను కొంతసేపు వింటారు, ఆ తరువాతే తప్పుపోయిన వాక్యాలను ఒక్కొక్కటిగా మళ్లీ చదివి పంపుతారు.