ఒకే ట్రేలో చేప, కూరగాయలు: ముందు ఏది పెట్టాలి?

[తెర మీద: ఓవెన్ ట్రే. ఒక పక్క పీచులా ఎండిపోయిన చేప ముక్క, ఇంకో పక్క చాకు దిగని బంగాళాదుంప]

నమస్కారమండీ. నేను మొదటిసారి చేప, కూరగాయలు కలిపి ఓవెన్‌లో పెట్టినప్పుడు ట్రే ఇలాగే బయటికొచ్చింది. మసాలా బాగానే కుదిరింది, ఉప్పు సరిపోయింది. కానీ అన్నీ ఒకేసారి పెట్టాను. మా నాన్నగారిని డాక్టర్ వేపుళ్ళు తగ్గించమన్నారు. ఆయనకేమో చేప లేకపోతే ఆదివారం ఆదివారంలా ఉండదు. అందుకే పట్టుబట్టి నేర్చుకున్నాను.

[తెర మీద: చేప ముక్క దగ్గరగా, పొరలు పొరలుగా విడిపోతూ]

చేపకీ కూరగాయలకీ అసలు తేడా ఎక్కడుందో చూద్దాం. ముందు చేపని మేకతో పోల్చుకుందాం. మేక నేల మీద నడవాలి, ఒంటి బరువంతా కాళ్ళ మీద మొయ్యాలి. చేపని నీళ్ళే మోస్తాయి. అందుకని దాని కండని పట్టి ఉంచే కొల్లాజెన్ చాలా తక్కువ, అది కూడా కొద్దిపాటి వేడికే కరిగిపోతుంది. మటన్‌కి గంట పట్టే చోట చేపకి పావుగంట చాలడానికి కారణం అదే. ముక్క మధ్యలో 63 డిగ్రీల వేడి తగిలిందంటే చేప ఉడికినట్టే. ఇంకా ఉంచితే లోపలి నీరంతా బయటికొచ్చేస్తుంది.

బంగాళాదుంప, క్యారెట్ సంగతి వేరు. వాటి కణాలని అతికించి ఉంచే పెక్టిన్ దాదాపు 85 డిగ్రీలు దాటితే గానీ మెత్తబడదు. చేప ఎండిపోయే వేడిలో దుంప అప్పుడప్పుడే మెత్తబడడం మొదలుపెడుతుందన్నమాట. కాబట్టి దుంపలు ముందు, చేప తర్వాత. మిగతాదంతా మీ చేతి నేర్పు.

[తెర మీద: చేపల మార్కెట్, పండుగప్ప]

ఏ చేప తీసుకోవాలి? నా ఓటు పండుగప్పకే. శీలావతి, బొచ్చె పులుసుకి చాలా బాగుంటాయి గానీ, వాటి కండలో సన్న ముళ్ళు ఎక్కువ. పొడిగా కాల్చిన ముక్కలో ఆ ముళ్ళు ఏరుకుంటూ తినడం పిల్లలకీ పెద్దవాళ్ళకీ కష్టం. పండుగప్పకి నడిమి ముల్లు తీసేస్తే మిగిలేది దాదాపు కండే. కృష్ణా, గోదావరి జిల్లాల చెరువుల్లో పెంచుతున్నారు కూడా. విదేశాల్లో ఉన్నవాళ్ళు బర్రాముండి అని అడగండి, అదే చేప. కళ్ళు మెరుస్తూ, మొప్పలు ఎర్రగా, వేలితో నొక్కితే కండ మళ్ళీ పైకి లేచేలా ఉన్నది తీసుకోండి.

ముగ్గురికి అర కిలో, అంగుళం మందం ముక్కలు. ఉప్పు, పసుపు రాసి కడిగి, శుభ్రమైన గుడ్డతో తడి పూర్తిగా అద్దెయ్యండి. ఈ పని మాత్రం వదిలెయ్యకండి. తడి ఉంటే ముక్క కాలదు, తన ఆవిరికి తనే ఉడుకుతుంది. తర్వాత ఉప్పు, మిరియాల పొడి, కొంచెం కారం, దంచిన వెల్లుల్లి, చెంచా నూనె పట్టించి పక్కన పెట్టండి.

నిమ్మరసం ఇప్పుడే వద్దు. పులుపులో చాలాసేపు నానితే చేప పైపొర పొయ్యి ఎక్కకముందే తెల్లబడి గట్టిపడుతుంది. నిమ్మకాయ చివర్లో పిండుదాం. మిగిలిన కాస్త నీచు వాసనని ఆ పులుపు అణిచేస్తుంది. మన పులుసులో చింతపండు చేసే పనీ అదే.

[తెర మీద: ట్రేలో ఒకే వరసగా పరిచిన ముక్కలు]

ఓవెన్ 200 డిగ్రీలకి ముందే వేడెక్కాలి. రెండు బంగాళాదుంపలు, రెండు క్యారెట్లు అర అంగుళం ముక్కలు కోసి, పెద్ద ఉల్లిపాయ ఒకటి చీల్చి, రెండు చెంచాల నూనె, ఉప్పు కలిపి పరవండి. ఒకదాని మీద ఒకటి పడకూడదు. గుట్టగా పోస్తే అవి కూడా ఆవిరికే ఉడికి, అంచులు ఎర్రబడవు. నూనెకి భయపడకండి. క్యారెట్‌లోని బీటా కెరోటిన్, అంటే ఒంట్లో విటమిన్ ఎ గా మారే పదార్థం, ఒంటికి పట్టాలంటే కొద్దిగా కొవ్వు కావాలి.

25 నిమిషాల తర్వాత దుంపలో చాకు గుచ్చి చూడండి. కాస్త గట్టిగానైనా దిగితే చాలు. ఇప్పుడు టమాటా, క్యాప్సికం ముక్కలు వేసి, మధ్యలో చోటు చేసి చేప పెట్టండి. 12 నుంచి 15 నిమిషాలు.

[తెర మీద: ఫోర్కుతో ముక్కని తిప్పడం]

గడియారం కన్నా చేపనే నమ్మండి. మందంగా ఉన్న చోట ఫోర్కు గుచ్చి మెల్లగా తిప్పితే పొరలు విడిపోవాలి. లోపల గాజులా మెరుపు పోయి, పాలలా తెల్లబడాలి. అక్కడే ఆపెయ్యండి. బయటికి తీశాక కూడా ఆ వేడికి ఇంకాస్త మగ్గుతుంది.

ఓవెన్ లేనివాళ్ళు మందపాటి పెనం మీద మూత పెట్టి సన్న సెగ మీద చేసుకోవచ్చు. అంచులు అంత ఎర్రబడవు గానీ వరస మాత్రం ఇదే.

నిమ్మకాయ పిండి, కొత్తిమీర చల్లి, పక్కన చారన్నంతో వడ్డించండి. ట్రే అడుగున టమాటా నీరు, చేప రసం, నూనె కలిసి రెండు మూడు చెంచాలు మిగులుతుంది. అది పారబొయ్యకండి. మా నాన్నగారు మొదటి ముద్ద దాంతోనే కలుపుకుంటారు.