పాత స్టీరియోకి కొత్త పాట

అందరికీ నమస్కారం. ముందు ఒక ప్రశ్న. మీలో ఎంతమంది ఇళ్లలో ఇప్పటికీ ఒక యాంప్లిఫయర్, రెండు పెద్ద స్పీకర్లు ఉన్నాయి? చేతులెత్తండి. బాగానే ఉన్నారే! వాటిలో పాట మోగి ఏడాది దాటినవాళ్లు చేతులు అలాగే ఉంచండి. చూశారా, దాదాపు ఎవరూ దించలేదు.

మద్రాసులో స్థిరపడ్డ మన ఇళ్లలో ఇది మామూలే. కలకత్తా సోనోడైన్ కావచ్చు, సింగపూర్ నుంచి బావగారు మోసుకొచ్చిన జపాన్ సెట్టు కావచ్చు, బర్మా బజార్లో బేరమాడి కొన్నది కావచ్చు. ఇవాళ దాని మీద పూలకుండీ, పక్కన పాత పంచాంగాలు. పాట మాత్రం అరచేతిలో పట్టే స్పీకర్లోంచి వస్తుంది. డిసెంబర్ సీజన్‌లో మైలాపూర్ సభల్లో గంటల తరబడి మృదంగం విని వచ్చి, ఇంట్లో అదే మృదంగాన్ని టకటకమనే డబ్బాలో వింటున్నాం. ఆ తొప్పి వైపు, అంటే ఎడమ వైపు, గుంకారం అంత చిన్న స్పీకర్లో పలకదు. అది పలకడానికి కావలసిన స్పీకర్లు మీ హాల్లోనే ఉన్నాయి.

ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఒకటే. ఆ సెట్టును అమ్మకండి, కోయకండి. వెనక ఆక్స్ అని రాసి ఉన్న సాకెట్లకు, అంటే బయటి పాటను లోపలికి తీసుకునేవాటికి, ఫోను నుంచో ఇంటర్నెట్ నుంచో పాట అందుకునే ఒక చిన్న పెట్టె బయటినుంచి తగిలించండి. ఏదో ఒకనాడు ఆ పెట్టె మూలపడుతుంది. పడనివ్వండి, సెట్టు ఉంటుంది కదా.

ఎందుకంటే యాంప్లిఫయర్ చేసే పని మారలేదు. చిన్న సిగ్నల్‌ను తీసుకుని, పెద్దది చేసి, స్పీకర్‌కి పంపడం. 1975లో తయారైనదానికైనా, నిరుడు తయారైనదానికైనా పని అదే. మారేదల్లా ఆ సిగ్నల్ ఎక్కణ్ణుంచి వస్తోందన్నది. నిన్న క్యాసెట్, తర్వాత సీడీ, ఇవాళ ఇంటర్నెట్.

ఇంటర్నెట్ వైపు సరుకు ఎంత త్వరగా పాతబడుతుందో చూడండి. వైఫై మీద పాటను మామూలు స్టీరియోలోకి పంపే పెట్టెను సామాన్యుడికి అందించినవాళ్లలో ఆపిల్ ముందుంది. 2004లో వచ్చిన ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ గోడ ప్లగ్గులో పెట్టేసుకునేంత చిన్నది. 2018లో దాన్ని మానేశారు. గూగుల్ 2015లో క్రోమ్‌కాస్ట్ ఆడియో అని బిళ్లలాంటిది తెచ్చింది. చవక, చక్కగా పనిచేసేది, 2019కల్లా తయారీ ఆగిపోయింది. వైఫై స్పీకర్ల కంపెనీ సోనోస్ 2020లో తన పాత మోడళ్లలో కొన్నిటికి కొత్త అప్‌డేట్లు నిలిపేసింది. లాజిటెక్ వాళ్ల స్క్వీజ్‌బాక్స్‌ది వేరే కథ. 2012లో కంపెనీ వదిలేసినా దాని సాఫ్ట్‌వేర్ అందరికీ తెరిచి ఉంచినది కాబట్టి వాడేవాళ్లే దాన్ని బతికించుకున్నారు. ఇప్పుడది లిరియన్ మ్యూజిక్ సర్వర్ అనే పేరుతో నడుస్తోంది. ఈ పెట్టెలు ఇన్ని వచ్చి ఇన్ని పోయేలోపు, వాటికి తగిలించిన యాంప్లిఫయర్లకు ఏమీ కాలేదు. అందుకే యాంప్లిఫయర్‌లోనే స్ట్రీమింగ్ కలిపి అమ్మే సెట్లు చూస్తే నాకు కొంచెం అనుమానం. ఒక భాగానికి ఆయుష్షు ముప్ఫై ఏళ్లు, ఇంకో భాగానికి ఐదారేళ్లు, రెండూ ఒకే డబ్బాలో.

ఇక్కడే మౌంట్ రోడ్ పక్కన రిచీ స్ట్రీట్ సంగతి చెప్పాలి. అక్కడికెళ్లి 'మా సెట్టుకి బ్లూటూత్ కావాలి' అంటే కొన్ని కొట్లలో ఒక బోర్డు చూపిస్తారు. ముందు భాగంలో చిన్న డిస్‌ప్లే, పెన్‌డ్రైవ్ కన్నం, ఎఫ్ఎం, ఒక బుల్లి రిమోట్, అన్నీ కలిపి కొన్ని వందలే. బోర్డు మంచిదే, చెడ్డదని నేననను. కానీ దాన్ని బిగించడానికి మీ సెట్టు ముందు ప్లేటు కోస్తారు. బ్రష్ చేసిన అల్యూమినియం మీద, టేప్ మీటరు పక్కనే, రంపంతో ఒక చదరం. లోపల దానికి కరెంటు ఎక్కణ్ణుంచి? యాంప్లిఫయర్ సప్లై నుంచే తీస్తారు. అప్పుడు పాటల మధ్య కీచుమని సన్నటి కూత మొదలవుతుంది. బోర్డుకి విడిగా ఐసొలేటెడ్ సప్లై, అంటే యాంప్లిఫయర్‌తో కలవని కరెంటు, పెడితే ఆ కూత పోతుంది గానీ, మీరు అడగకపోతే పెట్టేవాళ్లు తక్కువ. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, బ్లూటూత్ వచ్చింది, సెట్టు పోయింది.

సరే, బయటినుంచి తగిలించే పెట్టెల్లో రెండు రకాలు. ఒకటి బ్లూటూత్ రిసీవర్, రెండోది వైఫై స్ట్రీమర్. ఈ రెండిటికీ తేడా మద్రాసులో ఉన్న మనకి ఇట్టే తెలుస్తుంది. బ్లూటూత్ అంటే లారీ దగ్గర బిందెతో నీళ్లు పట్టుకుని మోసుకురావడం, వైఫై స్ట్రీమర్ అంటే ఇంట్లోకే కొళాయి కనెక్షన్. మొదటిదాంట్లో మోసేది మీ ఫోను. పాట ఫోన్లోకి వచ్చి, అక్కణ్ణుంచి రిసీవర్‌కి వెళ్లాలి. ఫోను పట్టుకుని వంటింట్లోకి వెళ్తే, మధ్యలో పాతకాలపు మందపాటి గోడ ఉంటే, పాట తెగుతుంది. ఆలాపన మంచి పట్టులో ఉండగా వియ్యపురాలి ఫోను వస్తే రింగ్‌టోన్ పెద్ద స్పీకర్లలో మోగుతుంది. వాట్సాప్‌లో వచ్చే ప్రతి గుడ్ మార్నింగూ టింగుమంటూ హాలంతా వినిపిస్తుంది.

వైఫై స్ట్రీమర్‌కి ఫోను ఉత్త రిమోట్ మాత్రమే. స్పాటిఫై కనెక్ట్ లాంటి పద్ధతిలో, పాట ఫలానాది అని మీరు నొక్కగానే పెట్టె సొంతంగా ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటుంది. ఫోను ఆఫ్ చేసినా పాట ఆగదు. అయితే అన్నీ ఇలా కావు. ఐఫోన్ నుంచి ఎయిర్‌ప్లే అనే ఆపిల్ పద్ధతిలో పంపితే మామూలుగా పాట ఫోను మీదుగానే వెళ్తుంది, వైఫై మీద వెళ్తుందన్నదే తేడా. కొనేముందు మీరు వాడే యాప్ ఆ పెట్టెతో నేరుగా మాట్లాడుతుందో లేదో చూసుకోండి. పెట్టె మీద ఎన్ని బొమ్మలున్నాయన్నది కాదు, మీ యాప్ బొమ్మ ఉందా అన్నది లెక్క.

ధ్వని నాణ్యత గురించి అడుగుతారు కాబట్టి రెండు ముక్కలు. సీడీలో సెకనుకు 1411 కిలోబిట్ల సమాచారం ఉంటుంది. బ్లూటూత్‌లో అన్ని పరికరాలకూ ఉండి తీరాల్సిన ఎస్‌బీసీ అనే, పాటను కుదించి పంపే పద్ధతిలో మంచి నాణ్యతకు పెట్టుకునేది 328 కిలోబిట్లు. అలాంటిదే సోనీ వాళ్ల ఎల్‌డ్యాక్ 990 దాకా వెళ్తుంది, కానీ ఫోనులోనూ రిసీవర్‌లోనూ రెండిట్లో ఉంటేనే. ఐఫోన్‌లో లేదు. వైఫైకి ఈ ఇరుకు లేదు, సీడీ మొత్తం సమాచారం హాయిగా పోతుంది. తేడా వినిపిస్తుందా అంటే, సినిమా పాటల్లో చాలామందికి వినిపించదు. తంబురా, వీణ మీట్లు, తాళం చివరి రేకులాంటి మోత, వీటిలో కాస్త తెలుస్తుంది. పిండి కొద్దీ రొట్టె. కచేరీ రికార్డింగులు వినేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. ఆలాపన ఒక ట్రాకు, కీర్తన ఒక ట్రాకు, తని, అంటే మృదంగం ఒంటరిగా మోగే భాగం, ఒక ట్రాకుగా విడగొట్టి ఉంటాయి. గ్యాప్‌లెస్, అంటే ట్రాకుల్ని ఆగకుండా కలిపి వినిపించే సదుపాయం లేని పెట్టెలో ప్రతి అతుకు దగ్గరా అరక్షణం నిశ్శబ్దం పడుతుంది. అది కిలోబిట్ల తేడా కంటే ఎక్కువ చిరాకు.

ఇక వెనక ప్యానెల్. చాలామంది తడబడేది ఇక్కడే. ఆక్స్, ట్యూనర్, సీడీ అని రాసి ఉన్న జతల్లో ఏదైనా పర్వాలేదు, లోపల అన్నీ ఒకటే రకం. టేప్ అని ఉంటే దానికి రెండు జతలుంటాయి. ప్లే లేదా ఇన్ అన్నదాంట్లో పెట్టాలి. రికార్డ్ అన్నది బయటికి పంపేది, అందులో పెడితే ఏమీ వినపడదు. ఫోనో జోలికి మాత్రం వెళ్లొద్దు. అది రికార్డు ప్లేయర్ ముల్లు కోసం. ఆ ముల్లు ఇచ్చేది ఐదు మిల్లీవోల్టుల లెక్కలో ఉంటుంది కాబట్టి, ఫోనో దాన్ని ఎన్నో రెట్లు పెంచి, పైగా బేస్‌ని ప్రత్యేకంగా ఎత్తి పంపుతుంది. స్ట్రీమర్ ఇచ్చేది రెండు వోల్టుల దాకా. దాన్ని అందులో పెడితే బరబరమనే రొద తప్ప పాట ఉండదు. కొన్ని పాత ఫిలిప్స్ సెట్లకు ఎర్ర, తెల్ల పిన్నులు కాకుండా ఐదు కాళ్ల గుండ్రటి డిన్ సాకెట్ ఉంటుంది. దానికి మార్చే వైరు దొరుకుతుంది, సెట్టు మార్చక్కర్లేదు. క్యాసెట్టూ రేడియో మాత్రమే ఉన్న సెట్టయితే, కార్లలో వాడే క్యాసెట్ అడాప్టర్ పెట్టినా పాట వస్తుంది. గొప్పగా ఉండదు గానీ వస్తుంది.

కనెక్షన్ అయ్యాక సౌండ్ ఎవరి చేతిలో ఉండాలి? పెట్టెలో పూర్తిగా పెంచి, యాంప్లిఫయర్ నాబ్‌తో తగ్గించుకోవడం మంచిది. కానీ పాత సెట్లు ఇంత బలమైన సిగ్నల్‌కి తయారైనవి కావు, నాబ్ కొంచెం కదపగానే ఇల్లు దద్దరిల్లుతుంది. అప్పుడు యాప్‌లో పెట్టె అవుట్‌పుట్‌ని తగ్గించుకోండి.

హమ్ము, అంటే పాట వెనక ఆగకుండా వినిపించే గుయ్యిమనే మోత గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే సంగీతం తెలిసినవాళ్లని అదే ఎక్కువ బాధపెడుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్. స్పీకర్లో వినపడే హమ్ము ఎక్కువగా దానికి రెట్టింపు, 100 హెర్ట్జ్. ఒకటో శ్రుతిలో పాడే గాయకుడి షడ్జం దాదాపు 131. దానికి మంద్ర పంచమం 98. అంటే హమ్ము మీ గాయకుడి వెనక కొంచెం శ్రుతి ఎక్కిన పంచమం పట్టుకుని కూర్చుంటుంది! తంబురా ఒకటి పలుకుతుంటే అది ఇంకొకటి పలుకుతుంది. విసుగు రాక ఏమొస్తుంది?

ఇది ఎక్కణ్ణుంచి వస్తోందో కనుక్కోవడం తేలిక. యాంప్లిఫయర్‌కి తగిలించినవన్నీ ఒక్కొక్కటీ పీకి చూడండి. చాలా ఇళ్లలో దొంగ కేబుల్ టీవీ వైరు. అది టీవీకి, టీవీ యాంప్లిఫయర్‌కి కలిసి ఉంటే, ఎర్త్ రెండు దారుల్లో తిరిగి చుట్టుకుంటుంది. మధ్యలో ఆ చుట్టును తెంపే గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ ఒకటి పెడితే పోతుంది, ఖర్చు కొన్ని వందలు. ప్లగ్గుకున్న ఎర్త్ పిన్ను విరిచేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. హమ్ము పోతుంది, నిజమే, రక్షణ కూడా దాంతోపాటే పోతుంది. వద్దు.

వీటన్నిటికంటే ముందు, ఏళ్ల తరబడి మూలనున్న సెట్టును నేరుగా ప్లగ్గులో పెట్టకండి. మెకానిక్ దగ్గర సిరీస్ బల్బు ఉంటుంది. పాత తరహా ఫిలమెంటు బల్బు ద్వారా సెట్టుకు కరెంటు ఇస్తాడు. బల్బు ఒక్కసారి భగ్గున వెలిగి మసకబారితే సెట్టు క్షేమం. వెలుగు తగ్గకపోతే లోపల ఏదో షార్ట్ ఉన్నట్టు. సముద్రపు గాలికి మన ఊళ్లో సాకెట్ల మీద పచ్చటి చిలుము పడుతుంది, నాబ్ తిప్పితే గరగరమంటుంది. దానికి కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే చాలు. స్పీకర్ కోన్ చుట్టూ ఉండే స్పాంజి అంచును వేలితో మెల్లగా తాకి చూడండి. పొడిపొడిగా రాలితే అంచు మార్పించాలి. స్పీకర్ మొత్తం మార్చాలని చెప్పేవాడి దగ్గర్నుంచి లేచి వచ్చేయండి.

డబ్బు సంగతి. బ్లూటూత్ రిసీవర్ వెయ్యి లోపే దొరుకుతుంది. ఓ మోస్తరు వైఫై స్ట్రీమర్ 10 వేలకు అటూ ఇటూ. కంప్యూటర్ పని సరదాగా చేసేవాళ్లయితే రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ మీద, డిజిటల్ పాటను యాంప్లిఫయర్‌కి కావలసిన సిగ్నల్‌గా మార్చే డ్యాక్ బోర్డు పెట్టి, మూడ్ లేదా వోలుమియో అనే పాటల సాఫ్ట్‌వేర్ వేసుకోవచ్చు. మనవడో మనవరాలో ఇంట్లో ఉంటే ఇది మంచి సెలవుల పని. పైసా ఖర్చు వద్దనుకుంటే సొరుగులో ఉన్న పాత ఫోను తీయండి. హెడ్‌ఫోన్ కన్నం ఉన్నదైతే చాలు, ఒక వైరుతో ఆక్స్‌కి కలిపి, మీ ఇప్పటి ఫోను నుంచి స్పాటిఫై కనెక్ట్‌తో దాన్నే నడపొచ్చు. రాత్రింబవళ్లు ఛార్జింగ్‌లో మాత్రం ఉంచకండి, బ్యాటరీ ఉబ్బుతుంది. ఛార్జర్ తగిలించి ఉన్నప్పుడు కీచుమంటే, ఛార్జర్ తీసి చూడండి.

వైర్లకు వేలు పోసి చేతి చమురు వదిలించుకోవద్దు. మీటరు పొడవున్న మామూలు ఆర్‌సీఏ వైరు, అదే ఎర్ర, తెల్ల పిన్నులది, పిన్ను గట్టిగా పట్టేది అయితే చాలు. ఆ మిగిలిన డబ్బుతో రూటర్‌కి ఒక చిన్న యూపీఎస్ కొనండి, కరెంటు పోయొచ్చిన ప్రతిసారీ స్ట్రీమర్ వైఫై కోసం వెతుక్కుంటూ కూర్చోదు.

ఇక ప్రశ్నలు. మాస్టారూ, మీ చెయ్యి ఎప్పట్నుంచో లేచే ఉంది, మీతోనే మొదలుపెడదాం. మిగతావాళ్లు ఈలోగా ఇంటికి ఫోన్ చేసి, సెట్టు వెనక ప్యానెల్ ఫోటో తీసి పంపమనండి. మోడల్ పేరు కంటే ఆ ఫోటో నాకు ఎక్కువ పనికొస్తుంది. పూలకుండీ పక్కకి జరిపి తీయమనండి.