వికేంద్రీకృత విజ్ఞానం: ఎక్కడ మొదలుపెట్టాలి, ఏది కొలవాలి

సభకు నమస్కారం.

వికేంద్రీకృత విజ్ఞానంపై, అంటే ఏ ఒక్క సంస్థ అదుపులోనూ లేని బహిరంగ నమోదులతో పరిశోధన నడిపే పద్ధతిపై, కోర్సు రూపొందించమంటే మనలో చాలామంది బ్లాక్‌చెయిన్ (చాలామంది దగ్గర ప్రతులుండే, ఒకదానితో ఒకటి ముడిపడిన నమోదుల గొలుసు) నిర్మాణంతోనే మొదలుపెడతాం. ఆ క్రమాన్ని తిరగేయాలని నా అభిప్రాయం. మనస్తత్వశాస్త్రంలోని 100 అధ్యయనాలను మళ్లీ చేసి చూసి 2015లో ప్రచురించిన ఫలితాల్లో, గణాంకపరంగా చెప్పుకోదగ్గ ఫలితం సుమారు 36 శాతంలోనే తిరిగి కనిపించింది. మొదటి తరగతిలో చర్చించవలసింది ఇది. పరిశోధకులు ముందే అనుకున్న పరికల్పన ఏదో, దత్తాంశం చూశాక మార్చుకున్నది ఏదో బయటివారు తెలుసుకోలేకపోవడం ఇలాంటి వైఫల్యాలకు ఒక కారణమని గ్రహించిన తరువాతే, దిద్దితే బయటపడే నమోదు ఎందుకు కావాలో విద్యార్థులకు బోధపడుతుంది.

అక్కడినుంచి 1991కి వెళ్లవచ్చు. స్టువర్ట్ హేబర్, స్కాట్ స్టోర్నెటా డిజిటల్ పత్రాల హ్యాష్‌లను (పత్రంలో ఒక్క అక్షరం మారినా మారిపోయే చిన్న సంకేతాలను) గొలుసుగా కట్టి కాలముద్ర వేసే పద్ధతిని ఆ ఏడాది ప్రచురించారు. బ్లాక్‌చెయిన్‌పై నడిచే డిజిటల్ నాణెం బిట్‌కాయిన్‌ను ప్రతిపాదించిన 2008 నాటి పత్రం వారి కృషిని ఉటంకించింది. నాణేల ధరల ఊసెత్తకుండా బ్లాక్‌చెయిన్ బోధించడానికి ఇది చక్కని దారి.

ఇక అభ్యాసం. ప్రతి జట్టూ తన పరికల్పననూ విశ్లేషణ ప్రణాళికనూ రాసి, దాని హ్యాష్‌ను టెస్ట్‌నెట్‌లో (అసలు డబ్బు లేకుండా ప్రయోగాలకు వాడే బ్లాక్‌చెయిన్‌లో) నమోదు చేశాకే కొలతలు మొదలుపెట్టాలి. ఒక జట్టుకు మాత్రం కావాలనే తప్పుడు కొలతలు ఇవ్వాలి. గొలుసు వాటినీ అంతే భద్రంగా దాచిపెడుతుంది. పత్రం ఫలానా సమయానికే ఉందనీ, ఆ తరువాత మారలేదనీ హ్యాష్ రుజువు చేయగలదు గాని, అందులో ఉన్నది నిజమని చెప్పలేదు. కోర్సు మొత్తంలో నేను అన్నిటికన్నా విలువైనదిగా భావించే పాఠం ఇదే. రోగుల వివరాల వంటివి గొలుసులో పెడితే తరువాత తొలగించడం దాదాపు అసాధ్యమనీ ఇక్కడే చెప్పాలి.

పాలన గురించి చెప్పేటప్పుడు ఇథీరియం అనే బ్లాక్‌చెయిన్‌పై కోడ్‌తో నడిచిన ఉమ్మడి పెట్టుబడి నిధి 'ది డావో' 2016 నాటి ఉదంతం ఒక్కటి చాలు: కోడ్‌లోని లోపంతో తరలిపోయిన ఈథర్‌ను (ఇథీరియం నాణేన్ని) వెనక్కి తేవడానికి ఇథీరియం సమాజమే చరిత్రను సవరించే నిర్ణయం తీసుకుంది, దాన్ని ఒప్పుకోనివారు ఇథీరియం క్లాసిక్ అనే వేరే గొలుసుగా విడిపోయారు.

మూల్యాంకనానికి చివరిరోజు సంతృప్తి పత్రాలు సరిపోవు. కోర్సుకు ముందూ తరువాతా ఒకే స్థాయి పరిశోధనా సందర్భాలు ఇచ్చి, ప్రతిదానికీ బ్లాక్‌చెయిన్ అవసరమా, సాధారణ బహిరంగ రిజిస్ట్రీ చాలా అని కారణాలతో రాయించాలి; కొన్నిటికి 'అవసరం లేదు' అన్నదే సరైన జవాబు కావాలి. ఏది ముందు రాసినదో, ఏది తరువాతదో తెలియని ఇద్దరు పరీక్షకులు విడివిడిగా దిద్దాలి. ఏ మార్పును విజయంగా లెక్కిస్తామో, మధ్యలో మానేసినవారిని ఎలా లెక్కలోకి తీసుకుంటామో ముందే రాసి, ఆ పత్రం హ్యాష్‌ను తొలి తరగతికి ముందే మనమూ నమోదు చేయాలి, మొదటి అభ్యాసంలో విద్యార్థులు దాన్నే సరిచూడాలి.