బహుపది పరిమాణం: చివరికి మిగిలే ఘాతాంకం

సభకు నమస్కారం.

ఒక చిన్న లెక్కతో మొదలుపెడతాను. ఈ రోజు చరరాశిని ‘య’ అని పిలుద్దాం. ఆ అక్షరమే ఎందుకో కాసేపట్లో చెబుతాను. (య + 1)³ − య³ అనే రాశిని చూడండి. దీని పరిమాణం ఎంత? మూడు ఘాతాంకంగా రెండు చోట్ల కనబడుతోంది కాబట్టి మూడు అని చెప్పాలనిపిస్తుంది. విస్తరించి చూద్దాం. మొదటి భాగం య³ + 3య² + 3య + 1 అవుతుంది. అందులోంచి య³ తీసివేస్తే 3య² + 3య + 1 మిగులుతుంది. కాబట్టి పరిమాణం రెండే.

పరిమాణం అంటే ‘చరరాశి గరిష్ఠ ఘాతాంకం’ అని చాలామంది వల్లె వేస్తారు. ఆ నిర్వచనంలో ఒక ముక్క జారిపోయింది. గుణకం అంటే పదంలో చరరాశి ముందుండే సంఖ్య. సజాతి పదాలన్నీ కలిపాక, సున్న కాని గుణకంతో మిగిలిన పదాల్లో అతి పెద్ద ఘాతాంకమే పరిమాణం. ‘సున్న కాని గుణకం’ అన్న మాటను విడిచిపెడితే 0య⁵ + య కూడా ఐదో పరిమాణానిదైపోతుంది. ఈ రోజు నేను చెప్పదలచుకున్నదంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

బహుపది అంటే ఇలాంటి పదాల మొత్తం. అందులో ఘాతాంకాలు సున్న, ఒకటి, రెండు ఇలా పూర్ణాంకాలే కావాలి. వర్గమూలం కింద చరరాశి ఉన్నా, హారంలో ఉన్నా అది బహుపది కాదు, కాబట్టి అక్కడ ఈ ప్రశ్నే రాదు. చరరాశులు య, క అని రెండైతే ప్రతి పదంలోని ఘాతాంకాలను కూడాలి. య²క³ పరిమాణం ఐదు. యక చూడటానికి సాదాగా ఉన్నా దాని పరిమాణం రెండు.

గుణకం ఎంత పెద్దదైనా పరిమాణాన్ని మార్చలేదు. ఒక పక్క పది లక్షల య, మరో పక్క య²ను పది లక్షలతో భాగించగా వచ్చేది ఉన్నాయనుకోండి. మొదటిది ఎంతో ముందున్నట్టు కనబడుతుంది, చాలా దూరం ముందుంటుంది కూడా. అయితే య విలువ లక్ష కోట్లు దాటిన క్షణం నుంచి రెండోదే పెద్దది, ఆ తర్వాత మొదటిది దాన్ని ఎన్నటికీ అందుకోలేదు. పరిమాణం చెప్పేది ఈ దూరపు నడవడిక గురించే.

ఇక పేర్ల సంగతి. పరిమాణం ఒకటైతే రేఖీయ బహుపది, రెండైతే వర్గ బహుపది, మూడైతే ఘన బహుపది. రేఖ, చతురస్రం, ఘనం: మూడూ జ్యామితి నుంచి వచ్చినవే. పొడవు, వైశాల్యం, ఘనపరిమాణం కళ్ళముందు ఉన్నంతవరకు పేర్లకు కరువు లేదు. నాలుగో ఘాతం దగ్గర చిక్కు మొదలవుతుంది.

మన బీజగణితకారులు ఆ చిక్కును ఎలా విప్పారో చూడటం నాకెంతో ఇష్టం. వాళ్ళు తెలియని రాశిని ‘యావత్తావత్’ అన్నారు, అంటే ‘ఎంతో అంత’. రాసేటప్పుడు ‘యా’ అని క్లుప్తంగా రాసేవారు. ఇందాక నేను ఎంచుకున్న అక్షరం అక్కడిదే. రెండో తెలియని రాశి ‘కాలకం’, అంటే నల్లనిది, దానికి గుర్తు ‘కా’. భాస్కరాచార్యుడు 1150 ప్రాంతంలో రాసిన బీజగణితంలో ఈ పద్ధతి కనబడుతుంది. రెండో ఘాతం వర్గం, మూడోది ఘనం. నాలుగోది వర్గవర్గం, అంటే వర్గానికి మళ్ళీ వర్గం. ఆరోది ఘనవర్గం, అంటే ఘనానికి వర్గం. ఇక్కడ పేర్లు పక్కపక్కన చేరితే ఘాతాంకాలు గుణించుకుంటాయి. రెండును రెండుతో గుణిస్తే నాలుగు, మూడును రెండుతో గుణిస్తే ఆరు. మరి ఐదు? అది గుణకారంలో కుదరదు. అందుకని ‘వర్గఘనఘాతం’ అన్నారు. ఈ పేరులో ఘాతం అంటే లబ్ధం, వర్గాన్నీ ఘనాన్నీ గుణించగా వచ్చినది. ఆ ఒక్క మాట చేరగానే ఘాతాంకాలను కూడాలని అర్థం.

గ్రీకు గణితజ్ఞుడు డయోఫాంటస్ మరో దారి పట్టాడు. ఆయన పద్ధతిలో పేర్లు చేరితే ఘాతాంకాలు కూడుకుంటాయి. ఆయన దగ్గర ‘ఘన, ఘన’ అంటే ఆరో ఘాతం. మన పద్ధతిలో అదే పేరును చదివితే తొమ్మిదో ఘాతమవుతుంది. రెండు పద్ధతులూ తమలో తాము సక్రమమైనవే, కాని ఒకదాని నియమంతో మరొకదాన్ని చదివితే లెక్క తప్పుతుంది. 628లోనే బ్రహ్మగుప్తుడు ఐదో ఘాతాన్ని ‘పంచగతం’, ఆరోదాన్ని ‘షడ్గతం’ అన్నాడు. పేరులో సంఖ్యనే పెట్టేశాడు. అన్నిటిలోకి నాకు నచ్చింది ఇదే. ఏ ఘాతానికైనా ఇలా పేరు పెట్టవచ్చు, చదివేవారు ఏదీ విప్పుకోనవసరం లేదు.

జ్యామితిని వదలడం అందరికీ సులువు కాలేదు. ఇటలీకి చెందిన కార్డానో 1545లో అచ్చువేసిన గ్రంథంలో, రేఖ, తలం, ఘనం దాటి పోవడం ప్రకృతి అనుమతించదన్న భావం రాశాడు. అదే గ్రంథంలో ఆయన శిష్యుడు ఫెరారీ సాధించిన నాలుగో పరిమాణ సమీకరణాల పరిష్కారం కూడా ఉంది. 1637లో ఫ్రెంచి గణితజ్ఞుడు డెకార్ట్ య² అంటే వైశాల్యమే కానక్కరలేదని, దాన్నీ ఒక పొడవుగా చూడవచ్చని చూపించాడు. ఘాతాంకాన్ని చిన్న అంకెగా పైన రాసే పద్ధతి స్థిరపడింది కూడా అక్కడే. ఆ తర్వాత నాలుగో పరిమాణమైనా నలభయ్యో పరిమాణమైనా రాయడంలో తేడా లేదు. సాధించడంలో మాత్రం ఉంది. ఐదో పరిమాణ సమీకరణాలన్నిటికీ పనికొచ్చే సూత్రాన్ని కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, మూలాలు తీయడం అనే పనులతోనే రాయలేమని నార్వే గణితజ్ఞుడు ఆబెల్ 1824లో నిరూపించాడు. నాలుగుకూ ఐదుకూ మధ్య అంత గట్టి గోడ ఉంటుందని పేర్లను చూసి ఎవరూ ఊహించలేరు.

పరిమాణాల అట్టడుగుకు వద్దాం. 7 అనే స్థిర బహుపది పరిమాణం సున్న, ఎందుకంటే అది 7య⁰. మరి సున్న బహుపది? దానికీ సున్నే అంటే ఏం పోతుందని విద్యార్థులు అడుగుతారు. మంచి ప్రశ్న. రెండు బహుపదులను గుణిస్తే పరిమాణాలు కూడుకుంటాయన్నది మనం నిత్యం వాడే నియమం. సున్నకు పరిమాణం సున్న అనుకుని య²తో గుణించండి. నియమం ప్రకారం లబ్ధం పరిమాణం రెండు కావాలి, కాని లబ్ధం సున్నే. ఏ సంఖ్యను పెట్టినా ఇదే అడ్డంకి. అందుకే పాఠ్యపుస్తకాలు దాని పరిమాణం నిర్వచితం కాదంటాయి. పై చదువుల్లో ఋణ అనంతం అని పెట్టుకుంటారు, దానికి రెండు కలిపినా అది ఋణ అనంతమే కాబట్టి నియమం నిలుస్తుంది. రెండింటికీ మూలం ఒకటే: సున్న బహుపదిలో సున్న కాని గుణకమే లేదు.

ఆ గుణకార నియమం కూడా అన్నిచోట్లా నిలవదు. నాలుగుతో భాగించగా వచ్చే శేషాలతోనే లెక్కలు చేస్తున్నామనుకోండి. 2య + 1ను వర్గం చేస్తే 4య² + 4య + 1 వస్తుంది. ఆ లెక్కల్లో నాలుగు అంటే సున్న కాబట్టి మిగిలేది 1. ఒకటో పరిమాణపు బహుపదికి వర్గం చేస్తే సున్న పరిమాణం వచ్చింది. మూలాల సంఖ్య, అంటే బహుపదిని సున్న చేసే య విలువల సంఖ్య, పరిమాణాన్ని మించదన్న నియమానికీ ఇదే గతి. ఎనిమిదితో వచ్చే శేషాల్లో య² − 1కు 1, 3, 5, 7 అని నాలుగు మూలాలున్నాయి. భాజకం ప్రధాన సంఖ్య అయితే ఈ ఇబ్బంది ఉండదు, రెండు నియమాలూ భద్రంగా ఉంటాయి.

‘మించదు’ అన్న మాట దగ్గర ఆగుతాను. ‘పరిమాణం ఒకటి’ అనడం వేరు, ‘పరిమాణం ఒకటికి మించదు’ అనడం వేరు. ఈ తేడా కేవలం పరీక్ష మార్కుల విషయం కాదు. ఒక రహస్య సంఖ్యను కొందరికి పంచాలి, ఏ ఇద్దరు కలిసినా అది బయటపడాలి, ఒంటరిగా ఎవరికీ ఏమీ తెలియకూడదు. గూఢలిపి శాస్త్రవేత్త ఆది షమీర్ 1979లో దీనికి బహుపదులతో దారి చూపించాడు. ఒక పెద్ద ప్రధాన సంఖ్యతో వచ్చే శేషాల్లో రహస్యం + అ × య అనే బహుపది తీసుకుంటాం. ‘అ’ను యాదృచ్ఛికంగా ఎంచుకుంటాం. మొదటి వ్యక్తికి య = 1 దగ్గరి విలువ, రెండో వ్యక్తికి య = 2 దగ్గరి విలువ, ఇలా ఇస్తాం. రెండు బిందువులు రేఖను నిర్ణయిస్తాయి కాబట్టి ఇద్దరు చాలు.

ఇప్పుడు రేఖీయ బహుపది అన్నారు కదా, పరిమాణం కచ్చితంగా ఒకటే ఉండాలని ఎవరైనా ‘అ’ సున్న కాకూడదన్న షరతు పెట్టారనుకోండి. రేఖ ఎక్కడా అడ్డంగా ఉండదు. అంటే సున్న దగ్గరి విలువ (అదే రహస్యం), ఒకటి దగ్గరి విలువ ఎప్పుడూ సమానం కావు. అలాంటప్పుడు మొదటి వ్యక్తి ఎవరి సాయమూ లేకుండానే ‘రహస్యం నా చేతిలోని సంఖ్య కాదు’ అని తేల్చుకోగలడు. ఏమీ తెలియకూడదన్న చోట ఒక అవకాశం కొట్టివేయబడింది. ‘అ’కు సున్న అయ్యే వీలు కూడా ఉంచితే, పరిమాణం ఒకటికి మించదు అని మాత్రమే అంటే, ఏ సంఖ్య అయినా రహస్యం కావచ్చు, ఆ వ్యక్తికి నిజంగా ఏమీ తెలియదు.