వైజాగ్ చిక్కుడు పాదు, చికాగో మంచు లెక్కలు

హాయ్ అండీ, ఈసారి వైజాగ్ నుంచి మాట్లాడుతున్నాను. ఇది ఎంవీపీ కాలనీలో మా అమ్మావాళ్ల మేడ. వెనకాల పందిరి మీదున్నది చిక్కుడు పాదు. శ్రావణంలో గింజ పెడితే సంక్రాంతికి ఇలా గుత్తులు వేలాడుతున్నాయి. రథసప్తమికి రథం చేయడానికి కాయలు కొనే పనే లేదు.

చికాగోలో మా పెరటికి నేను వేసుకున్న గార్డెన్ ప్లాన్ చూసి అమ్మ, "గింజ పెట్టడానికి అన్ని లెక్కలేటే?" అంది. ఇక్కడ భయమల్లా అక్టోబర్, నవంబర్ తుఫాన్లదే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్‌కి మహావృక్షాలే కూలాయి, పాదులెంత! చలికి మాత్రం మొక్క చావదు. లంబసింగి వైపు వెళ్తే తప్ప మంచు గడ్డకట్టే మాటే వినం.

చికాగో చుట్టుపక్కల అలా కాదు. టమాటా, వంగ, ఆనప మే 15 దాటాకే బయట పెట్టమంటారు. అక్టోబర్ మధ్యకల్లా మళ్లీ ఫ్రాస్ట్, అంటే ఆకుల మీద మంచు గడ్డకట్టే చలి. మనకు చిక్కేది ఆ మధ్యలో అయిదు నెలలు.

చార్టుల్లో వసంతంలో ఆఖరి ఫ్రాస్ట్ తేదీ అని ఒకటి ఉంటుంది. చాలామంది దాన్ని పంతులుగారు పెట్టిన ముహూర్తంలా పట్టుకుంటారు. మామూలుగా అది 50 శాతం తేదీ. అంటే సగం సంవత్సరాల్లో ఆ తర్వాత కూడా ఫ్రాస్ట్ వస్తుంది. 10 శాతం తేదీ కూడా ఇస్తారు, అంటే పదేళ్లలో ఒక్కసారే ఆ తర్వాత ఫ్రాస్ట్ వస్తుంది. వంగ నారుకి నేను చూసేది అదే. పాలకూరకి అంత జాగ్రత్త అక్కర్లేదు. 50 శాతం తేదీకి నెల ముందే చల్లేయొచ్చు, కాస్త మంచు పడినా తట్టుకుంటుంది. బెండకి గాలి కన్నా నేల ముఖ్యం. మట్టి 18 డిగ్రీలకు రాకపోతే గింజ మొలవక కుళ్లుతుంది.

ఫోన్లో 2 డిగ్రీలు చూపించినా, ఫ్రాస్ట్ రాదని నమ్మకండి. వాతావరణ కేంద్రాల్లో థర్మామీటర్ దాదాపు అయిదడుగుల ఎత్తున ఉంటుంది. మబ్బూ గాలీ లేని రాత్రి నేలలోని వేడి పైకి పోయి, ఆకుల దగ్గర ఇంకా చల్లబడుతుంది. అలాంటి సాయంత్రం పాత దుప్పటి నేల దాకా కప్పేయడమే.

ఇక చిక్కుడు. మన నాటు రకాలు పగలు కురచయ్యాకే పూస్తాయి. వైజాగ్‌లో ఎంత ఎండాకాలమైనా పగలు సుమారు 13 గంటలు. చికాగోలో జూన్‌లో 15 గంటలు దాటుతుంది. దాంతో వేసవంతా తీగ సాగడమే తప్ప పూత ఉండదు. సెప్టెంబర్‌లో పూసి, కాయ ముదిరేలోపు ఫ్రాస్ట్ వచ్చి పడుతుంది. మేలో ఎంత తొందరపడి పెట్టినా లాభం లేదు, పగటి నిడివితో సంబంధం లేకుండా పూసే రకమే కావాలి.

మెంతి, కొత్తిమీరలకి చివరి విడత గింజలు చల్లే తేదీని వెనక్కి లెక్కపెడతాను. మొదటి ఫ్రాస్ట్ తేదీ నుంచి ప్యాకెట్ మీదున్న కోతకొచ్చే రోజులు తీసేసి, ఇంకో రెండు వారాలు వెనక్కి జరుపుతాను. అప్పటికి ఎండ తగ్గి ఎదుగుదల మందగిస్తుంది మరి.

అమ్మేమో గింజలు చీర మడతల్లో పెట్టుకెళ్లమంటోంది. కుదరదు. అమెరికాకి విత్తనాలు తీసుకెళ్లాలంటే ఫైటోశానిటరీ సర్టిఫికెట్, అంటే తెగుళ్లూ పురుగులూ లేవని ప్రభుత్వం ఇచ్చే పత్రం ఉండాలి, ఎయిర్‌పోర్టులో డిక్లేర్ చేయాలి. అందుకని రకం అక్కడే వెతుక్కోవాలి. చలి ఊళ్లలో ఎవరి పెరట్లోనైనా చిక్కుడు కాసిందంటే, ఏ రకమో, ఏ నెలలో పూతకొచ్చిందో నాకు చెప్పండి. మార్చిలో నారు పోసేలోపు తెలిస్తే ఆర్డర్ పెట్టేస్తాను.